ఎర్రగడ్డ విత్తనము: ఊరుమ్మడి కట్టుబాటు



మన కర్నూలు, కడప సీమలలో ఎర్రగడ్డ యనబడు నీరుల్లిని పండించుట ఎవరికిని కొత్త కాదు. దానిని పూయించి మేలైన విత్తనము తీయుట మాత్రము వేరు విద్య. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

నీరుల్లి మొదట గడ్డ కట్టును. ఆ గడ్డను మరల నాటినచో శీతకాలపు చల్లదనము సోకి పూకాడ వెడలును. చలిదేశపు రకములకు మన రాత్రుల చలి చాలదు. అవి ఆకులు వేసి ఊరకుండును. మన మైదానపు రకములకు ఈ చలియే చాలును. కనుక తల్లిగడ్డలను అక్టోబరు, నవంబరు నెలలలోనే నాటవలెను. సంక్రాంతి దాటిన పిమ్మట నాటిన గడ్డకు చలి యెక్కడిది?

సన్నని మెడ, ఒకే రంగు గల గట్టి గడ్డలను ఏరుకొనవలెను. జంటగడ్డలు పనికిరావు. గడ్డల పంటలోనే తొందరపడి పూసిన మొక్కలనుండి విత్తనము దులుపుకొను అలవాటు కొందరికి కలదు. ఇది మానవలసినది. ఆ తొందర గుణము రాబోవు పైరునకును సంక్రమించును.

ఇక పంచాయతీ పూనుకొనవలసిన సంగతి. ఉల్లిపూవున పుప్పొడిని మోయునవి తేనెటీగలు. వాటికి గట్లు, సర్వే నంబర్లు తెలియవు. ఒక రకమునకును వేరొక రకమునకును నడుమ ధ్రువీకృత విత్తనమునకైన 500 మీటర్లు, మూలవిత్తనమునకైన 1000 మీటర్లు ఎడముండవలెనని నిబంధన. ఒక్క రైతు పొలములో ఇంత ఎడ మెట్లు సాధ్యము? కావున నాటుటకు ముందే గ్రామసభ చేరి, ఏ దిక్కున ఏ రకమును పూయింపవలెనో నిర్ణయించుకొనవలెను. పూత కాలమున పురుగుమందు చల్లరాదనియు అప్పుడే ఒప్పుకొనవలెను.

రకము శుద్ధముగా నుండుట వలన లాభమేమని అడుగువారు కడప జిల్లా కృష్ణాపురం ఉల్లిని చూడవచ్చును. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ఉల్లి ఎగుమతిని నిషేధించెను. అక్టోబరులో ఈ రకమునకు 10,000 టన్నుల వరకు సడలింపు లభించెను. అయితే సరుకు ఆ రకమే యని ఉద్యానశాఖ ధ్రువపత్రము కావలసి వచ్చెను. కలగాపులగపు విత్తనముతో పండిన పంటకు అట్టి పత్రము నెవరిత్తురు?

పూగుత్తులలో నల్లని గింజలు అక్కడక్కడ కనబడగనే కోయ మొదలిడవలెను. గుత్తి అంతయు ఎండువరకు ఆగినచో గింజ నేలపాలగును. అన్నియు ఒక్కసారి పండవు గనుక రెండు మూడు విడతలుగా కోసి, బాగుగా ఆరబెట్టి, తేమ తగులకుండ దాచవలెను. ఉల్లి విత్తనము మామూలు నిలువలో ఏడాదికే సత్తువ కోల్పోవును. అంగడి సంచి మీది బొమ్మ ఎంత అందమైనదైనను ఈ నియమము మారదు. నారు పోయుటకు ముందు 100 గింజలను తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ చూచుచు, పండ్రెండవ నాడు లెక్కింపుడు. 70కి తక్కువ మొలచినచో ఆ విత్తనమును నమ్మి మడి కట్టవలదు.