‘రేపు రా’ అనని దేవుడు

వేదిక మీది పెద్దల పేర్లు ఆయన గడగడా చదివేశారు. ఒకటి రెండు బిరుదులు జారిపోయినా ఆగలేదు. వరంగల్‌లోని ఓ క్రైస్తవ డిగ్రీ కళాశాల స్నాతకోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన ఈ విశ్రాంత ఖజానా అధికారికి నిర్వాహకులు ఇచ్చిన అంశం ‘నిత్యజీవితంలో దేవుణ్ణి పోలి నడుచుకోవడం’. ‘‘పాస్టరుగారు చెప్పాల్సిన సంగతి నాకెందుకిచ్చారో! నాకు తెలిసినవి బిల్లులు. వాటి గురించే చెప్తా’’ అన్నారు. వెనక వరుసల్లో గౌన్లు సర్దుకుంటూ ముచ్చట్లు పెడుతున్నవాళ్లు తలలెత్తారు.

నిజంగానే ఆయన బిల్లుల దారిలో బైబిల్లోకి వెళ్లారు. పిల్లలు తండ్రిని చూసి నేర్చుకున్నట్టు దేవుణ్ణి చూసి నేర్చుకోమని ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో పౌలు చెప్పాడు. మనం మాత్రం ఆయన సింహాసనాన్నే చూసి నేర్చుకున్నామని వక్త ఫిర్యాదు. ఎదుటివాడికి తీర్పు చెప్పమంటే అందరం సిద్ధం. లేవీయకాండం 19వ అధ్యాయం వరస వేరు. దేవుడు పరిశుద్ధుడు కాబట్టి మీరూ అలాగే ఉండండని మొదలుపెట్టి, కాసేపటికే చేలోకి దిగిపోతుంది. అంచుల దాకా కోసేయకు, పరిగె పేదలకు వదులు. తూకంలో మోసం వద్దు. కూలివాడి డబ్బు తెల్లారేదాకా నీ దగ్గర పెట్టుకోకు.

‘‘పరిశుద్ధత అంటే ఉపవాస ప్రార్థనే అనుకుంటం బిడ్డా. ఈ అధ్యాయాన్ని ఎనుమాముల మార్కెట్ యార్డు గోడకు అంటించినా సరిగ్గా సరిపోతది.’’

అక్కణ్ణుంచి అసలు బాధ బయటపడింది. ఒకప్పుడు ఊళ్లలో దయ్యాన్ని వెనక్కి పంపడానికి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. ఆ దయ్యం ఎటో పోయింది గానీ రాత మాత్రం కార్యాలయాల్లోకి వచ్చి చేరిందని ఆయన అంటే హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. చేతిలో ఉండి కూడా పొరుగువాణ్ణి రేపు రమ్మనవద్దని సామెతల గ్రంథం 3వ అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం మీద ప్రసంగం వినడం ఎంత అరుదో ఆయన వాపోయారు.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు బిల్లుల కౌంటర్ దగ్గర కుర్చీ వేశారు. బిల్లు తీసుకుని టోకెన్ ఇస్తారు. లోపల తనిఖీ అవుతుంది. సరిగ్గా ఉంటే పాస్ చేస్తారు, లేకుంటే అభ్యంతరం రాసి తిప్పి పంపుతారు. నియమంలో తప్పేమీ లేదు. అభ్యంతరాలన్నీ ఒకేసారి చెప్పకపోవడంలోనే ఉంది కిటుకు. కుటుంబ పింఛను కోసం వచ్చిన ముసలమ్మకు ఫొటో లేదంటారు. ఫొటో తెస్తే వేలిముద్ర మీద ధ్రువీకరణ సంతకం లేదంటారు. అదీ తెస్తే ఒక కాగితంలో లచ్చమ్మ, ఇంకోదాంట్లో లక్ష్మి అని ఉందంటారు. మూడూ మొదటి రోజే కనిపించినవే. బస్సు చార్జీలు ఆమెవి, కూలి పోయిందీ ఆమెకే.

పక్క బల్ల దగ్గర కూర్చునే హెడ్ క్లర్కు అలా చేసేవాడు కాదు. కాగితాలన్నీ ఒక్కసారే తిరగేసి, లోపాలన్నీ ఒక చీటీ మీద తెలుగులో రాసి, ఏది ఎక్కడ దొరుకుతుందో పక్కనే గీత గీసి చూపించేవాడు. అప్పటిదాకా ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. మధ్యాహ్నం నమాజుకు వెళ్లే ముందు ఆ రోజు చీటీలన్నీ పూర్తి చేసుకుని లేచేవాడు. ‘‘ఎఫెసీ పత్రికకు అర్థం నేను ఆ ముస్లిం పెద్దాయన బల్ల దగ్గర నేర్చుకున్నా’’ అని వక్త అన్నప్పుడు ముందు వరుసలోని ఒకరిద్దరు గురువులు కొంచెం కదిలారు. ఆయన పట్టించుకోలేదు. చెడ్డవాళ్లకూ మంచివాళ్లకూ ఒకే వాన కురిపించేవాణ్ణి చూసి నేర్చుకోమన్నది యేసే కదా, వానకు చర్చి సభ్యత్వ రిజిస్టరుతో ఏం పని అని ఎదురు ప్రశ్న వేశారు.

తెలుగునేల మీద ఈ పాఠం కొత్తది కాదని చెప్పడానికి ఒంగోలు తీసుకెళ్లారు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. అమెరికాలో సర్వే పని చేసిన మనిషి కాబట్టి ధైర్యం చేశాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని పెట్టి కూలి ఇచ్చాడు, తన బోధకులనే పనిమీద కాపు పెట్టాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకుండా సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. చరిత్ర పుస్తకాలు ఆ అంకెను చెప్పి మురిసిపోతాయి. ఈ ఖజానా అధికారికి నచ్చింది మాత్రం కాలువగట్టు మీది కూలిపట్టీ. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ కట్టించిన చర్చి కూడా కరువు కాలంలో పని చూపించిన కట్టడమే. 1924 క్రిస్మస్ రోజున దాన్ని ప్రతిష్ఠించారు.

కూలి ఇస్తే సరిపోదు, కుర్చీ కూడా వేయాలి. అది చెప్పినవాడు మన పక్కనే డోర్నకల్‌లో ఉన్న తమిళుడు వి.ఎస్. అజరయ్య. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ఎదుటే నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, త్యాగాలు చేశారు, ఇక స్నేహం ఇవ్వండని అడిగాడు. రెండేళ్లకు, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అప్పటి వరంగల్ జిల్లాలోని డోర్నకలే ఆయన పీఠం.

ఇక గౌరవమర్యాదలన్నీ పక్కకు పోయాయి. ‘‘ఆటో దిగి ‘అన్నా, నెట్ వస్తలేదు, రేపు కొడతా’ అన్నోళ్లు చేతులెత్తండి!’’ చేతులు లేవలేదు గానీ నవ్వులు లేచాయి. ‘‘నవ్వకండి, మీ అమ్మానాన్నల దగ్గరికీ వస్తున్నా.’’ ఒకటో తారీఖున దశమభాగం కవర్లో పెట్టి చర్చికి ఇచ్చేవాళ్ల ఇళ్లలోనే అంట్లు తోమే మనిషికి పదో తారీఖు దాటినా జీతం ఉండదు. అడిగితే ‘చిల్లర లేదు’. క్రిస్మస్‌కు గోపురం నిండా లైట్లు పెట్టి, వాచ్‌మన్ జీతం కొత్త సంవత్సరానికి తోసే కమిటీలను ఆయన చూశారట. పేర్లు చెప్పనన్నారు. ద్రాక్షతోట యజమాని ఉపమానంలో ఆలస్యంగా వచ్చినవాడికీ పూర్తి కూలి దొరికిన సంగతి అందరికీ గుర్తుంది, ఆ డబ్బు అదే సాయంత్రం చేతికందిన సంగతిని మాత్రం దాటేస్తాం. మన 2005 ఉపాధి హామీ చట్టం సైతం మస్టరు ముగిశాక పదిహేను రోజులు గడువిచ్చింది. మోషే ధర్మశాస్త్రం పొద్దు గూకేదాకే ఇచ్చింది.

మైకు ముందే ప్రిన్సిపాల్ వైపు తిరిగి, షామియానా వాళ్లకు డబ్బులిచ్చారా అని అడిగేశారు కూడా. కార్యాలయ సిబ్బంది ఒకరు హడావిడిగా లేచి బయటికి వెళ్లారు.

పట్టా అందుకున్నవాళ్లలో ఎక్కువమంది గ్రూప్ పరీక్షలకో బ్యాంకు పరీక్షలకో కూర్చుంటారని ఆయనకు తెలుసు. కాబట్టి పెద్ద కలల ఊసెత్తలేదు. కౌంటర్లో కూర్చున్న మొదటి వారంలోనే ఏ పనికి ఏ కాగితాలు కావాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించమన్నారు. ‘‘ఇంకో మాట. పెన్నుకు కట్టే దారం కాస్త పొడుగ్గా కట్టండి. ముసలోళ్లు అంత వంగలేరు. సరే, బిర్యానీ చల్లారుతుందంట, పదండి.’’