పార్కుల వెనక ఉన్న పాలన: స్థానిక ప్రభుత్వాల నుంచి మనం గమనించాల్సిన సంగతులు
(బే ఏరియా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా ఎన్నికల సంస్కరణలు, అవినీతి, సాగునీరు, చదువులు లాంటి పెద్ద విషయాలు చర్చకు వస్తాయి. ఈసారి పార్కుల గురించి మాట్లాడతానంటే ఒకరిద్దరు మిత్రులు "ఇంకేం టాపిక్కు దొరకలేదా?" అని నవ్వారు. నాకు మాత్రం ఇది చాలా ముఖ్యమైన విషయం అనిపిస్తుంది. ఒక ఊరి స్థానిక ప్రభుత్వం పని చేస్తోందో లేదో తెలియాలంటే ఆ ఊరి పార్కు చూస్తే చాలు. భూమి ఎలా సంపాదించారు, డబ్బు ఎక్కడినుంచి తెచ్చారు, రోజూ ఎవరు ఊడుస్తున్నారు, ఎవరి మాట విని ఏం కట్టారు అన్న ప్రశ్నలన్నిటికీ అక్కడే జవాబు దొరుకుతుంది.

ముందు మనం ఉంటున్న చోటు గురించి, తరవాత మన ఊళ్ళ గురించి, చివర మనం చేయగల పనుల గురించి చెబుతాను.

ఈస్ట్ బే కథ

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది శనివారం పొద్దున మిషన్ పీక్ ఎక్కినవాళ్ళే. ఆ కొండ ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్ నిర్వహణలో ఉంది. ఆ సంస్థ పుట్టిన సంవత్సరం 1934. అమెరికాలో మహా ఆర్థికమాంద్యం నడుస్తున్న రోజులు, ఎక్కడ చూసినా నిరుద్యోగం. ఇక్కడి నీటి సరఫరా సంస్థ సియెరా పర్వతాల నుంచి నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టాక ఈ కొండల్లోని వేల ఎకరాలు దానికి అవసరం లేకుండా పోయాయి. ఆ భూమి ప్లాట్లుగా మారిపోతుందన్న భయంతో బర్కిలీ, ఓక్లాండ్ పౌరులు కదిలారు. 1930లో ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థ, ఆన్సెల్ హాల్ కలిసి అధ్యయనం చేసి, ఈ కొండల్ని పార్కులుగా కాపాడాలని నివేదిక ఇచ్చారు. 1934 నవంబరులో అలమీడా కౌంటీలోని నగరాల ప్రజలు ఓటు వేసి, తమ ఆస్తి మీద తామే కొత్త పన్ను వేసుకున్నారు. నూటికి డెబ్భై మంది పైగా "సరే" అన్నారు.

పూట గడవడమే కష్టంగా ఉన్న రోజుల్లో జనం పార్కు కోసం పన్ను కట్టడానికి ఎందుకు ఒప్పుకున్నారు? ఆ డబ్బు వేరే పనికి మళ్ళదనీ, ఖర్చు పెట్టేవాళ్ళని తామే ఎన్నుకుంటామనీ వాళ్ళకి తెలుసు కాబట్టి. ఇవాళ్టికీ ఆ డిస్ట్రిక్ట్‌కి వార్డుల వారీగా ఎన్నికైన ఏడుగురు డైరెక్టర్లు ఉంటారు. అప్పుడు చేరని కాంట్రా కోస్టా కౌంటీ 1964లో వచ్చి కలిసింది. ఇప్పుడు డెబ్భైకి పైగా పార్కులు, లక్షా ఇరవై వేల ఎకరాల పైచిలుకు భూమి వాళ్ళ చేతిలో ఉన్నాయి. ఫ్రీమాంట్‌లోని క్వారీ లేక్స్ ఒకప్పుడు కంకర తవ్వుకున్న గోతులు. ఇప్పుడు అవి భూగర్భ జలాల్ని నింపే చెరువులు, చుట్టూ పార్కు.

డబ్బు మళ్ళీ కావాల్సి వచ్చినప్పుడు మళ్ళీ ప్రజల దగ్గరికే వెళ్ళారు. 1988లో 22.5 కోట్ల డాలర్ల బాండ్లకి, 2008లో 50 కోట్ల డాలర్ల బాండ్లకి ఓటర్లు ఆమోదం తెలిపారు. 2008 నవంబరు అంటే గుర్తుందిగా, బ్యాంకులు కూలుతున్న నెలలు. అలాంటప్పుడు కూడా మూడింట రెండొంతులకి మించి ఓట్లు పడ్డాయి. ఆ 50 కోట్లలో 12.5 కోట్లు జనాభా లెక్కన నగరాలకీ స్థానిక పార్కు సంస్థలకీ పంచారు. మీ వీధి చివర పార్కులో కొత్త ఊయల కనిపిస్తే, దాని వెనక ఇలాంటి ఓటు ఒకటి ఉండే ఉంటుంది.

యంత్రాంగం ఎలా పనిచేస్తుంది

మంచి మనసున్న అధికారులు ఉండబట్టే ఇదంతా జరిగిందనుకుంటే పొరపాటు. నాలుగు ఏర్పాట్లు కలిసి పనిచేస్తున్నాయి.

మొదటిది భూమి. కాలిఫోర్నియాలో క్వింబీ చట్టం అని ఒకటి ఉంది. కొత్త లేఅవుట్ వేసే బిల్డర్ వెయ్యి మంది జనాభాకి మూడు ఎకరాల చొప్పున పార్కు స్థలం ఇవ్వాలని నగరం అడగవచ్చు. అప్పటికే ఆ ఊళ్ళో అంతకన్నా ఎక్కువ పార్కులుంటే ఐదు ఎకరాల దాకా అడగవచ్చు. రెండు వందల ఇళ్ళు, ఇంటికి ముగ్గురు అనుకోండి. ఆరు వందల మందికి దాదాపు ఎకరం ఎనభై సెంట్లు. స్థలం ఇచ్చే వీలు లేకపోతే దానికి సరిపడా రుసుము కట్టాలి. బిల్డర్లు ఊరుకున్నారా అంటే, లేదు. వాల్‌నట్ క్రీక్ నగరం మీద కోర్టుకెళ్ళారు. 1971లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నగరం వైపే తీర్పు చెప్పింది.

రెండోది నిర్వహణ. క్వింబీ డబ్బుతో పార్కు కట్టవచ్చు, బాగుచేయవచ్చు. తోటమాలి జీతానికీ నీళ్ళ బిల్లుకీ అది వాడకూడదు. ఆ ఖర్చు నగరం ఏటా తన బడ్జెట్లోంచే పెట్టుకోవాలి. అందుకే కొత్త పార్కు ప్రతిపాదన వచ్చినప్పుడల్లా "ఏటా దీని పోషణకి ఎంత?" అన్న ప్రశ్న కౌన్సిల్లో వస్తుంది. 1978లో ప్రాపొజిషన్ 13 ఆస్తి పన్నుకి పరిమితి పెట్టాక చాలా నగరాలు మొదట కోత పెట్టినవాటిలో పార్కులు, లైబ్రరీలు ఉన్నాయి. ఈత క్లాసులకీ సమ్మర్ క్యాంపులకీ మనం కట్టే ఫీజులు పెరగడానికి ఇదొక కారణం.

మూడోది రక్షణ. ఒకసారి పార్కు అయిన భూమిని వేరే పనికి తీసుకుంటే దానికి బదులు భూమో పరిహారమో ఇవ్వాలని 1971 నాటి రాష్ట్ర చట్టం చెబుతుంది. సముద్రంలో తీసే చమురు, గ్యాస్ మీద వచ్చే ఆదాయంతో 1965 నుంచి నడుస్తున్న ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ ఇంకా గట్టిది. ఆ ఫండ్ గ్రాంటు ఒక్కసారి తీసుకున్న పార్కు ఎప్పటికీ ప్రజల వినోదానికే ఉండాలి. మార్చాలంటే ఫెడరల్ ప్రభుత్వ అనుమతి, సమాన విలువైన వేరే స్థలం రెండూ కావాలి. 2020లో వచ్చిన చట్టంతో ఈ ఫండ్‌కి ఏటా 90 కోట్ల డాలర్లు శాశ్వతంగా ఖాయమయ్యాయి.

నాలుగోది ప్రజల మాట. 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్ గానీ పార్క్ కమిషన్ గానీ సాధారణ సమావేశం పెడితే 72 గంటల ముందే ఎజెండా బయటపెట్టాలి, ప్రజల్ని మాట్లాడనివ్వాలి. ఓటు హక్కు ఉందా, పౌరసత్వం ఉందా అని ఎవరూ అడగరు. హెచ్-1 మీద ఉన్నవాళ్ళు కూడా లేచి మాట్లాడవచ్చు.

మాట్లాడితే ఫలితం ఉంటుందా అని అనుమానం ఉన్నవాళ్ళకి నార్త్ కరోలైనాలోని మోరిస్‌విల్ ఉదాహరణ. మనవాళ్ళు బాగా స్థిరపడిన చిన్న పట్టణం అది. 2015లో ఆ పట్టణం తన చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ మైదానం తెరిచింది. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదటి సీజన్ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. బేస్‌బాల్ దేశంలో ఒక మునిసిపాలిటీ సొంత పార్కులో క్రికెట్ పిచ్ ఉందంటే, ఊళ్ళో మారిన జనాన్ని ఆ ఊరి పాలన గుర్తించిందని అర్థం.

ఇక్కడంతా బంగారమేనని నేను అనను. డబ్బున్న పేటల్లో పార్కులు పచ్చగా ఉంటాయి, లేని పేటల్లో గడ్డి ఎండిపోయి ఉంటుంది. ఆ తేడా తగ్గించడానికే వెయ్యి మందికి మూడెకరాల కన్నా తక్కువ పార్కు ఉన్న ప్రాంతాలకి ప్రాధాన్యం ఇస్తూ కాలిఫోర్నియా 2008లో ఒక గ్రాంటు పథకం తెచ్చింది. 2018లో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 68 బాండ్లలో కూడా అలాంటి పేటల కోసం విడిగా డబ్బు కేటాయించారు.

మన ఊళ్ళలో చట్టం లేకనా?

ఇప్పుడు మన సంగతి. "మన దగ్గర అసలు చట్టాలే లేవండీ" అని చాలామంది అంటుంటారు. ఉన్నాయి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో మునిసిపాలిటీలకి అప్పగించదగ్గ పనుల జాబితా ఉంది. అందులో పన్నెండో అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. లేఅవుట్ వేసేవాళ్ళు పది శాతం స్థలం ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వాలన్న నిబంధన మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. బెంగుళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి కేటాయిస్తే కాలనీవాసులు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది. ముద్దప్ప కేసుగా పేరుపడిన ఆ తీర్పు దేశమంతటికీ వర్తిస్తుంది.

డబ్బుకి కూడా దారులు పెట్టారు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన అమృత్ పథకంలో పిల్లలకీ వృద్ధులకీ అనువైన పార్కులకి కొంత వాటా కేటాయించారు. తెలంగాణ 2019 మునిసిపాలిటీల చట్టం బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి ఖర్చు చేయమంటుంది. పల్లె ప్రకృతి వనాలు, 2022లో గ్రామ క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ఆక్రమణలు తొలగించడానికి హైదరాబాద్‌లో 2024లో హైడ్రా ఏర్పాటైంది.

మరి లోపం ఎక్కడుంది? మా నాన్నగారు ఉంటున్న కాలనీ సంగతి చెబుతాను. ఊరి పేరు, ఆఫీసు పేరు ఎందుకులెండి, మీ ఊరు అనుకోండి. 1990ల్లో వేసిన లేఅవుట్. నక్షాలో పార్కు స్థలం పచ్చ రంగులో చక్కగా ఉంది. ఒక మూల నీళ్ళ ట్యాంకు వచ్చింది, సరే, అవసరమే. తరవాత ఒక ఆఫీసు గది కట్టారు. తరవాత పక్కనున్న ప్రైవేటు స్కూలు బస్సులు పెట్టుకోవడం మొదలుపెట్టి, కొన్నాళ్ళకి గోడ కట్టేసింది. మిగిలిన ముక్కలో వయ్యారిభామ మొక్కలు. డెబ్భై దాటిన మా నాన్నగారు, ఆయన స్నేహితులు తెల్లవారుజామున హైవే అంచున లారీల పక్కన వాకింగ్ చేస్తారు. కాలనీ సంఘం సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే లేఅవుట్ నకలు వచ్చింది. గిఫ్ట్ డీడ్ అడిగితే "ఫైలు అందుబాటులో లేదు" అని రాసి పంపారు. ఇప్పుడు అప్పీలు నడుస్తోంది.

పది శాతం వదలాలన్న నిబంధన ఉంది. వదిలిన స్థలం మునిసిపాలిటీ పేరున రిజిస్టర్లో ఎక్కిందా, చుట్టూ కంచె పడిందా, ఏటా దాని బాగోగులు చూసేదెవరు అని అడిగే చోటు లేదు. మన నగరాల్లో పేరున్న పార్కులు చూడండి. హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, విశాఖలో కైలాసగిరి లాంటివి పట్టణాభివృద్ధి సంస్థల చేతుల్లో టిక్కెట్ల మీద నడుస్తాయి. ఆ సంస్థల అధిపతుల్ని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది, ప్రజలు ఎన్నుకోరు. కాలనీలోని అరెకరం పార్కు మాత్రం వార్డు సభ్యుడి దయ మీద ఆధారపడి ఉంటుంది. ఆయన చేతిలో నిధులు ఉండవు.

మనం ఏం చేయవచ్చు

1. మీరుంటున్న ఊళ్ళో పార్క్ కమిషన్ సమావేశానికి ఒక్కసారైనా వెళ్ళండి. ఎజెండా ముందే చదువుకుని, రెండు నిమిషాల్లో చెప్పదలుచుకున్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి. కాలిఫోర్నియాలో 2019లో చేసిన చట్టం ప్రకారం నియామకంతో భర్తీ అయ్యే పదవులకి పౌరసత్వం అడ్డు కాదు. ఖాళీ పడినప్పుడు దరఖాస్తు పెట్టండి.

2. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు మీ కాలనీ లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ నకలు తీయించండి. 2005 సమాచార హక్కు చట్టం భారత పౌరులకి వర్తిస్తుంది. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు తల్లిదండ్రుల చేతనో స్నేహితుల చేతనో పెట్టించాలి. నక్షా చేతికొచ్చాక టేపు పట్టుకుని స్థలం కొలవండి. తేడా ఉంటే ఫోటోలతో సహా కమిషనర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

3. ఊరికి పార్కు కట్టిస్తామని చందాలు పోగుచేసే మిత్రులకి ఒక మనవి. భూమి ఎవరి పేరున ఉందో చూడకుండా డబ్బు పంపకండి. ప్రారంభోత్సవానికి పెట్టే ఖర్చు కన్నా మూడేళ్ళ నీళ్ళకీ, కాపలాకీ, దీపాలకీ ముందే లెక్క వేయండి. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, సాయంత్రం వెలుతురు లేని పార్కు ఊళ్ళో సగం మందికి పనికిరాదు. ఆ రెండూ ఉండాలని పంచాయతీ తీర్మానంలో రాయించండి.

4. మునిసిపల్ ఎన్నికలు వచ్చినప్పుడు మీ వార్డులో పోటీ చేసేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి: "ఈ వార్డులో పార్కు స్థలాలు ఎన్ని, వాటిలో ఎన్ని ఇంకా మిగిలి ఉన్నాయి?" జవాబు తెలిసిన అభ్యర్థి ఉంటే సంతోషం. తెలియకపోతే రేపైనా తెలుసుకుంటాడు.

బయట టేబుల్ మీద సమాచార హక్కు దరఖాస్తు నమూనా తెలుగులో పెట్టాం. లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్, పార్కు నిర్వహణకి గత మూడేళ్ళలో చేసిన ఖర్చు, ఈ మూడూ అందులో అడిగాం. ఊరి పేరు, సర్వే నంబరు మీరు నింపుకుంటే చాలు. వచ్చిన జవాబులు తెచ్చి ఇస్తే వచ్చే సమావేశంలో అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. పది ఊళ్ళ కాగితాలు ఒకచోట చేరితే మునిసిపల్ శాఖ ముందు పెట్టడానికి మన దగ్గర గట్టి ఆధారం ఉంటుంది.

 ప్రశ్నలుంటే అడగండి.