పోగు చుట్టుకుంటే తప్పు సైడరుదేనా?

(అరుప్పుకోట్టై కార్మికుల సమావేశంలో సంఘ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఆడి గాలి మొదలైతే మన సీమలో పెదాలు పగులుతాయి. అదే రోజుల్లో పాలిస్టర్ పోగు రోలరుకు చుట్టుకోవడం ఎక్కువవుతుంది. మెమో మాత్రం సైడరుకు వస్తుంది. తప్పు ఎవరిదో తేల్చాలంటే ముందు రాపిడి కరెంటు సంగతి మనం తెలుసుకోవాలి.

ఎండిన తలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, దాన్ని కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ఎగిరి అతుక్కుంటాయి. రెండు వస్తువులు తాకి విడిపోయేటప్పుడు ఒకదాని మీది ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి పోతాయి. రుద్దితే తాకే చోట్లు పెరుగుతాయి, కరెంటూ పెరుగుతుంది. ఇచ్చినదీ పుచ్చుకున్నదీ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒకే రకం కరెంటు ఉన్నవి తోసుకుంటాయి. మన మిల్లులో కార్డింగు పళ్ల నుంచి రింగ్ ఫ్రేము ట్రావెలరు దాకా రాపిడే కదా! అందుకే స్లైవరులో పీచులు దూరం దూరంగా లేచి నిలబడతాయి, రోలరుకు పోయి అంటుకుంటాయి.

మరి నూలు పత్తికి ఈ బాధ తక్కువ ఎందుకు? గాలిలో తేమ 65 శాతం ఉంటే, 100 కిలోల ఎండు పత్తి ఏడెనిమిది కిలోల నీరు పట్టుకుంటుంది. పాలిస్టర్ అర కిలో కూడా పట్టుకోదు. ఆ తేమ దారినే కరెంటు జారిపోవాలి. పాలిస్టర్ మీద పుట్టింది పుట్టినచోటే ఉండిపోతుంది. మిషనుకు ఎర్త్ వైరు ఉందిగా అంటారు. ఉండాల్సిందే. కానీ అది ఇనుములోని కరెంటును దించుతుంది గాని, పీచు మీదిదాన్ని, రబ్బరు రోలరు మీదిదాన్ని దించలేదు. దానికి పీచుకు పట్టించే నూనె సరిగా ఉండాలి, షెడ్డులో తేమ ఉండాలి.

ఇక్కడే అసలు తగువు. కరెంటు బిల్లు మిగులుతుందని తేమ ప్లాంటు ఆపితే ఆ మిగులు యాజమాన్యానికి, తెగిన పోగుల లెక్క మనకు! పక్కన శివకాశిలో మందు కలిపేచోట ఇలాంటి నిప్పురవ్వే ప్రాణం తీయగలదు. మనకు తగిలే చురుకు అంతటిది కాదు. అయినా ఉలిక్కిపడ్డ చెయ్యి తిరిగే రోలరులో పడితే ఏమవుతుందో మీకు చెప్పాలా?

అలాగని ఎంత తేమైనా పెట్టమని మనం అడగడం లేదు. ఉక్కలో ఎనిమిది గంటలు నిలబడేది మనమే. కృత్రిమ తేమకు హద్దులు పెట్టాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 15వ సెక్షనులోనే రాశారు.

షెడ్డులో తడిగుడ్డ థర్మామీటరు, పొడి థర్మామీటరు పక్కపక్కన ఉంటాయి. ప్రతి షిఫ్టులో ఆ రీడింగు రిజిస్టరులో రాయించండి. మెమో ఇస్తే, ఆ గంట రీడింగు చూపించమని అడగండి. మెమో తీసుకొని ఒంటరిగా ఆఫీసుకు పోవద్దు, సంఘం మనిషిని వెంట పిలుచుకోండి.