పిల్లల జాడ తెలుసుకోవడం ఎలా?
(నవాగామ్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు ఎక్కడున్నారో ఫోనులో చూసుకునే సౌకర్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనలో చాలామంది ఇప్పటికే దీన్ని వాడుతున్నారు, కొందరు పిల్లల చేతికి వాచీ కూడా కట్టారు. అందుకని కొనాలా వద్దా అన్న చర్చ జోలికి పోను. అది ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు, అంతవరకే మాట్లాడతాను.

సూరత్‌లో తెలుగువారికి కొదవ లేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాల పని మీద వచ్చిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, నవాగామ్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడి నడుపుతోంది. వాళ్లకు ఏ వీధికి వెళ్లినా ఒక మేనమామో పెద్దమ్మో కనబడతారు. బదిలీల మీద తిరిగే మన బ్యాంకు కుటుంబాలకు ఆ బలగం లేదు. ఇంటికి వచ్చే దారి మనకే సరిగా అలవాటయ్యేలోగా మళ్లీ ఆర్డరు వస్తుంది. సాయంత్రం క్యాష్ టాలీ అయ్యేదాకా సీటు వదలలేం. సరిగ్గా ఆ వేళకే పిల్లలు బడి నుంచి ట్యూషన్‌కు, ట్యూషన్ నుంచి ఇంటికి నడుస్తుంటారు. బలగం లేని చోట ఫోనులోని ఆ చిన్న చుక్క మనకు ధైర్యమిస్తుంది. అందులో తప్పు లేదు.

అయితే ఆ చుక్క ఎలా వస్తుందో తెలిసి ఉండాలి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయ సంకేతాలు పంపుతుంటాయి. మన ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. మన దేశానికి ఇస్రో తయారుచేసిన నావిక్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. ఉపగ్రహానికి మన పిల్లవాడెవరో తెలియదు. లెక్క కట్టేది ఫోను, దాన్ని మనకు చేరవేసేది సిమ్‌లోని డేటా. రీఛార్జి అయిపోయినా, బ్యాటరీ దిగిపోయినా మనకు కనబడేది పాత చుక్కే. అందుకే చుక్కతోపాటు అది ఎన్ని నిమిషాల కిందటిదో కూడా చూడాలి.

ఆకాశం తేటగా కనిపించే మైదానంలో ఫోను ఐదు మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. ఇరుకు సందుల్లో, రేకుల షెడ్ల మధ్య, అపార్ట్‌మెంటు లోపల ఆ తేడా చాలా పెరుగుతుంది. మ్యాపులో చుక్క చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తుందే, అది ఆ తేడాకు గుర్తు. వలయం పెద్దదైతే పిల్లవాడు రైలు పట్టాలకు ఇవతల ఉన్నాడో అవతల ఉన్నాడో కూడా చెప్పలేం. అలాంటప్పుడు కంగారుపడకుండా ముందు ఒక ఫోను చేయండి.

రెండో సంగతి, చవక వాచీలు. 2017లో నార్వే వినియోగదారుల మండలి పిల్లల వాచీలను పరీక్షించి, కొన్నింటిలోకి బయటివాళ్లు చొరబడి పిల్లల జాడ తెలుసుకోవచ్చని బయటపెట్టింది. అదే ఏడాది జర్మనీ, రహస్యంగా మాటలు వినే వీలున్న పిల్లల వాచీల అమ్మకాన్ని నిషేధించింది. మనం ఒక ఖాతా తెరవాలంటే కేవైసీ అడుగుతాం కదా! పిల్లల జాడను అప్పగించే కంపెనీ గురించి ఆ మాత్రం వాకబు చేయాలి. పాస్‌వర్డు పెట్టుకునే వీలుందా? ఎప్పుడో ఒకసారైనా అప్‌డేట్లు వస్తాయా? మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఆ అనుమతి చదవకుండా నొక్కే బటన్ కాకూడదు. పిల్లల లొకేషన్‌ను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా మంచిది కాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. చుక్క ఎక్కడుందో చెబుతుంది, ఎవరితో ఉందో చెప్పదు. పోక్సో కేసుల్లో నిందితులు 90 శాతానికి మించి పిల్లలకు ముందే తెలిసినవాళ్లని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. అంటే పిల్లవాడు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నట్టు ఫోను చూపిస్తున్నా, అక్కడ కష్టంలో ఉండవచ్చు. "ఈ రోజు ట్యూషన్‌లో ఏం జరిగింది?" అని రాత్రి అన్నం దగ్గర అడిగే మాటకు ఏ యాప్ కూడా సాటి రాదు.

కాస్త పెద్ద పిల్లల విషయం వేరు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఒకసారి, "నాన్నా, నేనెక్కడున్నానో మీకు కనబడుతుంది. మీరెక్కడున్నారో నాకెందుకు కనబడదు?" అంది. న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు మా ముగ్గురి లొకేషన్లూ ముగ్గురికీ కనబడతాయి. నేను చెస్ట్ దగ్గర ఆలస్యమైతే తనే వాళ్లమ్మకు చెబుతుంది. మన స్ట్రాంగ్‌రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఒకరికి తెలియకుండా మరొకరు తెరవలేరు. పిల్లల జాడ కూడా అలాంటి జాయింట్ కస్టడీలో ఉంటేనే నమ్మకం నిలుస్తుంది. దొంగచాటుగా యాప్ పెడితే, తెలిసిన రోజున పిల్లలు ఫోను స్నేహితురాలి బ్యాగులో పెట్టి వెళ్లడం నేర్చుకుంటారు.

చివరగా, ఇంటికెళ్లి ఈ రోజే చేయదగిన పనులు. అమ్మ నంబరు, నాన్న నంబరు పిల్లలకు కంఠతా రావాలి. ఇంటి చిరునామా తెలుగులో కాక హిందీలోనో గుజరాతీలోనో చెప్పడం నేర్పండి, ఇక్కడ దారి అడగాల్సింది ఆ భాషల్లోనే. "మీ నాన్న రమ్మన్నారు" అని ఎవరైనా వస్తే అడగడానికి ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఓటీపీలాగే దాన్ని ఎవరికీ చెప్పకూడదు. పొరుగున ఒక మాసీతోనైనా స్నేహం చేసుకోండి. చుక్క దారి తప్పితే మనం బ్రాంచి నుంచి చేరేలోపు పరుగెత్తగలిగేది ఆవిడే. 112, 1098 నంబర్లు పిల్లలకు తెలియాలి. 1098 పిల్లల కోసమే 1996లో ముంబైలో మొదలైన సహాయవాణి, రాత్రీ పగలూ పనిచేస్తుంది. బిడ్డ కనబడకపోతే 24 గంటలు ఆగాలనే మాట నమ్మవద్దు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదుపై వెంటనే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆఖరిసారి కనిపించిన చుక్కను స్క్రీన్‌షాట్ తీసి, ఇటీవలి ఫొటోతో పాటు పోలీసులకు ఇవ్వండి. ఆ సాంకేతికత నిజంగా అక్కరకొచ్చేది అప్పుడే.

ముందు వరుసలోని పిల్లలకు ఒక్క మాట. మీ ఫోనులో మీ జాడ చూస్తున్నామంటే మీ మీద అనుమానం ఉండి కాదు. మీకు భయమేసిన రోజున "నాన్నా, రా" అన్న ఒక్క మాట చాలు, ఎక్కడికి రావాలో మాకు తెలుస్తుంది. ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం ఎప్పుడూ జంకకండి.