యంత్ర యుగంలో విశ్వాసి కర్తవ్యం

(ముదినేపల్లిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాంకేతిక విజ్ఞానాన్ని క్రైస్తవుడు ఎలా చూడాలో చెప్పమన్నారు. నేను బోధకుణ్ణి కాను, గుమాస్తాను. నాకు తోచింది మనవి చేస్తాను.

యంత్రాలన్నీ సైతాను పనులని మా పెద్దల్లో కొందరు అనేవారు. కాని గుడారపు పని చేయడానికి బెసలేలుకు నేర్పు ఇచ్చింది దేవుని ఆత్మేనని నిర్గమకాండం చెబుతోంది. భక్తిపరుడైన సర్ ఆర్థర్ కాటన్ 1847–52 మధ్య ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట కట్టించారు. 1855 నాటికి బెజవాడలో కృష్ణ ఆనకట్టా పూర్తయింది. మన చేలకు వచ్చేది ఆ కృష్ణ నీరే. కరవు చూసిన నేలకు విజ్ఞానం అన్నం పెట్టింది. అది దేవుని వరమే.

ఇక నా సంగతి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్ర వేస్తే చాలన్నారు. మూడేళ్ల క్రితం నా వేళ్లు అరిగి మెషీను ముద్ర తీసుకోలేదు. నాలుగుసార్లు తిరిగాను. రెండు నెలలు పెన్షను ఆగింది. “మెషీను తీసుకోవట్లేదు తాతగారూ, నేనేం చేసేది?” అన్నాడు అక్కడి కుర్రవాడు. కోపంతో ఇంటికి వచ్చి ప్రార్థనకు కూర్చుంటే, ఆ మాట నాదేనని గుర్తొచ్చింది.

ముప్పై ఏళ్ల క్రితం ఒకావిడ భర్త పోయి ఫ్యామిలీ పెన్షను కోసం వచ్చింది. “రిజిస్టరులో నీ పేరు వేరుగా ఉందమ్మా, నేనేం చేసేది?” అని మూడుసార్లు తిప్పి పంపాను. పై అధికారికి ఒక నోటు పెడితే సరిపోయేది. పెట్టలేదు. నాలుగోసారి ఆమె రాలేదు. అప్పుడు నా ముందు యంత్రం లేదు, రిజిస్టరు ఉంది. తప్పు యంత్రానిది కాదు, దాని చాటున దాక్కునే మనిషిది.

బేతెస్ద కోనేటి దగ్గర పడివున్న, 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న రోగి, నీళ్లు లేవని బాధపడలేదు. తనను దించేవాడు లేడని యేసుతో చెప్పుకున్నాడు. 2021 నవంబరు నుంచి సెల్‌ఫోనులో ముఖం చూపించి ఇంటి దగ్గరే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. నా పని అలాగే అయింది. నీళ్లు ఉన్నాయి. మంచం పట్టిన మన సభ్యులను దించేవారే కావాలి. ఈ ఏడు నేనూ, నా మనవరాలూ ఏడుగురి ఇళ్లకు వెళ్లాం. మీ పిల్లలనూ వెంటబెట్టుకుని రండి. ఆ తల్లికి నేను పడిన బాకీ తీరదు. కనీసం వడ్డీ అయినా కడదామని ఆశ.