కాటన్ దొర కట్టని వంతెన

రాజమండ్రి రైళ్ల గురించీ, పొగబోట్ల గురించీ, పాత కట్టడాల గురించీ మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ మీ ఆహ్వాన పత్రంలో ఒక మాట అచ్చయింది: "కాటన్ దొర నిర్మించిన హేవలాక్ వంతెన" అని. అది తేల్చుకోకుండా నాకు ముందుకు నోరు రాదు.

కాటన్ ఆ వంతెన కట్టలేదు. అసలు రైలంటేనే ఆయనకి గిట్టదు! ఆయన కట్టించింది ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. ఈ దేశానికి కావలసింది పట్టాలు కాదు, కాలవలు అని బతికినన్నాళ్లూ వాదించారు. సరుకు పడవ మీద చౌకగా పోతుంది, అదే నీరు పొలానికీ పారుతుంది, ఇదీ ఆయన లెక్క. 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని కూడా ఈ వాదనే వినిపించారు. 1899 జులైలో ఇంగ్లండులో కన్నుమూశారు. అప్పటికి గోదావరిలో వంతెన పని నడుస్తోంది. జీవితమంతా ఆయన ఏ మాట మీద నిలబడ్డారో దానికి ఎదురుగా ఉన్న కట్టడాన్ని తెచ్చి ఆయన ఖాతాలో రాయడం గౌరవం ఎలా అవుతుంది? చెప్పండి.

పోనీ, హేవలాక్ అనే ఇంజనీరు కట్టాడా? అదీ కాదు. సర్ ఆర్థర్ హేవలాక్ అప్పటి మద్రాసు గవర్నరు. 1857లో లక్నో దగ్గర పోరాడిన హేవలాక్ వేరు, ఈయన వేరు. వంతెన కట్టిన ఇంజనీరు ఫ్రెడరిక్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద రైలు వంతెన కట్టిన అనుభవంతో వచ్చాడు. 1897 నవంబరులో పని మొదలైంది, 1900 ఆగస్టులో రైళ్లు నడిచాయి. 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. మూడేళ్లు నిండకుండానే! వాల్టన్ పేరు ఈ హాల్లో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా.

మూడేళ్లలో ఎలా కట్టారంటే, సంగతంతా బావుల్లో ఉంది. మీలో కోనసీమ వాళ్లుంటే వరల నుయ్యి తవ్వడం చూసే ఉంటారు. వర పెట్టి, లోపల మనిషి కూర్చుని ఇసుక తవ్వుతుంటే వర తన బరువుకి తానే దిగుతుంది. పైన ఇంకో వర పెడతారు. వంతెన పునాదీ అంతే. నీరు తగ్గిన కాలంలో ఇసుక తిన్నె మీద పదునైన అంచున్న ఇనప చట్రం పెట్టి, దాని మీద కట్టుబడి లేపుతారు. లోపలి ఇసుక తోడేకొద్దీ బావి దిగుతుంది. చెప్పినంత సులువు కాదు. అది ఒక పక్కకి ఒరుగుతుంది. అప్పుడు ఎత్తుగా ఉన్న వైపు ఇసుక ఎక్కువ తోడి, ఆ వైపే పైన పట్టాలు పేర్చి బరువు వేయాలి. తొందరపడితే రెండో పక్కకి ఒరుగుతుంది.

రైలు వంతెనల పనిలో నా కొలువు తొలి రోజుల్లో, వేరే ఏటి మీద, ఒక బావి మూడు రోజులు అంగుళం కదల్లేదు. నాలుగో రోజుకి ఊళ్లో పుకారు: ఏరు బలి కోరుతోంది, రైలువాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతారు అని. తల్లులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు. పాలు పోసే ఆవిడ మా గుడారం వైపు రావడం మానేసింది. అయిదో రోజు డైవర్ లోపలికి దిగి చేత్తో తడిమి చూస్తే, అంచు కింద ఎప్పటి వరదలోనో పూడుకుపోయిన చెట్టు దుంగ! ముక్కలు ముక్కలుగా కోసి తీశాం. ఆ సాయంత్రమే బావి జానెడు దిగింది. హేవలాక్ వంతెన కింద నరబలి ఇచ్చారని ఇప్పటికీ చెప్పే పెద్దమనుషులున్నారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లలో నిలబడి ఇసుక తోడిన కూలీల కష్టం చెప్పుకోకుండా ఈ కట్టుకథా చెప్పుకునేది?

పొగబోట్ల సంగతి కొంచెం త్వరగా చెబుతాను. గోదావరి మీదుగా నాగపూర్ వైపు నుంచి పత్తిని పొగబోట్లలో సముద్రానికి దించాలని కాటన్ కల. నదికి అడ్డంగా మూడుచోట్ల రాతి బండలు. మొదటిదాని దగ్గర, దుమ్ముగూడెంలో, కెప్టెన్ హేగ్ ఆనకట్టా కాలవా లాకులూ కట్టించాడు. ఈలోగా 1867లో బొంబాయి వైపు నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి అటు వెళ్లిపోయింది. 1871లో పని ఆపేశారు. మూడేళ్లకి, 1874లో, వాడి అనే ఊరి నుంచి మీ సికింద్రాబాద్‌కి రైలొచ్చింది. ఆ లైను ఇంగ్లీషువాళ్ల డబ్బుతో వేశారనుకుంటారు చాలామంది. కాదు, నిజాం ప్రభుత్వం సొమ్ము. 1889కి అది బెజవాడ చేరింది. 1893 ప్రాంతంలో కొవ్వూరు దాకా ఇటు, రాజమండ్రి నుంచి వాల్తేరు వైపు అటు పట్టాలు పడ్డాయి. మధ్యలో నది. ఏడేళ్లపాటు జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని కొవ్వూరులో దిగి రేవు దాటారు. వంతెన వచ్చాక కూడా ఎగువకి లాంచీలు ఆగలేదు. భద్రాచలం వెళ్లే యాత్రికులకి అప్పట్లో అవే దిక్కు. రైలు రాగానే బోట్లు మాయమయ్యాయని రాసేవాళ్లు ఆ ఒడ్డున ఒక్క రోజైనా నిలబడి ఉండరు.

కట్టడాల్లో రెండే చెబుతాను, టైమైపోయిందని చీటీ వచ్చింది. వీరేశలింగం గారు కట్టించిన టౌన్ హాలు చూడండి, 1853లో బడిగా మొదలైన ఆర్ట్స్ కాలేజీ చూడండి. ధవళేశ్వరంలో ఇప్పుడు మీరు ఫొటోలు తీసుకునే బ్యారేజీ 1982లో పూర్తయినది, కాటన్ నాటిది కాదు. రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974ది. కమానుల వంతెన వచ్చాక 1997లో హేవలాక్ మీద రైళ్లు ఆపేశారు. మీరు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఇక్కడ ఎక్కి, అర్ధరాత్రి దాటాక నిద్రలో ఆ పక్కనుంచే వెళ్తారు.

చివరగా ఇది. హేవలాక్ దూలాల్లో వదులైందని తీసేసి కొత్తది దిగగొట్టినప్పుడు నేను దాచుకున్న రివెట్టు. తల ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తట్టేవాళ్లం. బిగువుగా ఉంటే వేలికేమీ తెలియదు. వదులైతే వేలి కింద సన్నగా అదురుతుంది. ఖానా తర్వాత ఖానా, రోజంతా అదే పని. అమ్మా, ముందు వరుసలో మీరు అందుకోండి. బరువు చూసి వెనక్కి ఇవ్వండి. అందరి చేతులూ తిరిగాక నాకు తెచ్చివ్వండి, ఇక్కడే ఉంటాను.