ఆడపిల్లల రక్తహీనత – మన ఇండ్లలోని కారణాలు



మేడ్చల్, శామీర్‌పేటలలో పొద్దున్నే చదువుకు పోయే మన ఆడపిల్లలు ఏమి తిని పోతున్నారు? చాలా ఇండ్లలో ఒక కప్పు చాయ్, రెండు బిస్కెట్లు. కళ్లు తిరిగితే నజర్ తగిలిందంటాము. కనురెప్ప లోపల పాలిపోయిందేమో చూడము.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–19 ఏండ్ల ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. తెలంగాణలో ఇంకా ఎక్కువే. ఎదిగే వయసు, నెలసరి, కడుపులో పురుగులు – ఈ కారణాలు డాక్టర్లు చెప్పేవే. మేము చెప్పదలచినది మన దస్తర్‌ఖాన్ సంగతి.

కలేజీ వండినా ముక్కలు మగపిల్లలకే పోతాయి. తల్లీ బిడ్డా ఆఖరున కూర్చుని మిగిలిన షోర్వాతో తింటారు. వెంటనే చాయ్! తేయాకులోని టానిన్ తిండిలోని ఇనుమును ఒంటబట్టనియ్యదు. చాయ్ మానుమంటే మా ఇండ్లలోనే వినరు; గంట ఆగి తాగండి. పప్పు మీద, ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి.

బళ్లో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రను "వేడి చేస్తుంది" అని పారేయించకండి. అన్నం తిన్నాక మింగించండి. రంజాన్‌లోనైతే ఇఫ్తార్ అయి భోంచేసిన తరువాత. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. నిఖా మాటలదాకా ఆగితే, రేపు కాన్పునాడు రక్తం కోసం పరుగెత్తేది మనమే.